మూసీ నేర్పిన పదవీధర్మము

పదవి అనగా పైమెట్టునకు నిచ్చెనయా, లేక పౌరులకు చేయవలసిన ఊడిగమా? ఈ ప్రశ్నకు హైదరాబాదు పాతబస్తీ చరిత్రలో మనకొక సమాధానము గలదు.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి, ఇరుగట్టుల పేటలను ముంచివేసినది. సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. ఆయన అప్పటికే బొంబాయి ప్రభుత్వపు కొలువు విడిచి, విదేశములలో పర్యటించుచుండిరి. 1909లో వచ్చి పని చేపట్టిరి.

ఆయన నదిని మాత్రమే చూచి ఊరకుండలేదు. మూసీకి నీరు చేర్చు ప్రాంతమున 788 చెరువులు గలవనియు, వానిలో 221 ఆ వరదకు తెగినవనియు లెక్క తేల్చిరి. నగరమునకు ఎగువన మూసీపై ఒకటి, ఈసీపై ఒకటి జలాశయములు కట్టి, వరదను నిలిపి మెల్లగా వదలవలెనని సూచించిరి. ఆ యేడే మైసూరు కొలువునకు వెడలిపోయిరి.

1911లో నిజాము గతించెను. దివానులును మారిరి. పని మాత్రము ఆగలేదు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, ఇరుకు పేటలను బాగుచేసి, పేదలకు ఇండ్లు కట్టించినది. పత్థర్‌గట్టీలోని రాతి అంగళ్ల వరుసయు దాని కృషియే. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియైనవి. వానికి ప్రభువు పేరును, యువరాజు పేరును పెట్టిరి. పథకము వేసినవాని పేరు లేదు. అయినను ఆ నీరు తరతరములుగా ఇంటింటి దాహము తీర్చినది.

అది రాచరికము. ఉద్యోగి ప్రభువునకు జవాబుదారియే కాని ప్రజలకు కాదు. ప్రజలకు ఓటు లేదు. నేడు మనకు ఓటు గలదు. అయినను 2020 అక్టోబరు వానలకు పాతబస్తీలో పెక్కు కాలనీలు నీట మునిగినవి. ఎగువన జలాశయములున్నంత మాత్రమున ఊరిలోని చెరువులును నాలాలును తమంత తామే బాగుండవు. వానికి ఏటేటా పూడిక తీయవలె, ఆక్రమణలు తొలగించవలె. అట్టి పనికి శంకుస్థాపనలు లేవు, పూలదండలు లేవు.

కనుక ఓటడుగ వచ్చినవారిని మనము అడుగవలసినది వారి పార్టీ బలము కాదు. మా వీధి నాలా వానకాలమునకు ముందు ఎవరు చూతురు, మీ తరువాత వచ్చువారికి ఏ లెక్క అప్పగింతురు అని అడుగవలెను.