తోలు నుండి తుక్కు దాకా: సైబరాబాద్ చరిత్రలో లేని చేతులు

సైబరాబాద్ చరిత్ర రాసేవాళ్లు 1998 నవంబరు 22తో మొదలుపెడతారు. ఆ రోజు ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అక్కడినుండి కథ గచ్చిబౌలికి పాకి, 2019 నవంబరు 29న రాయదుర్గం మెట్రో స్టేషన్ తెరవడం దాకా వస్తుంది. గుట్టలు పగిలి అద్దాల మేడలు లేచిన ఈ కథలో ముఖ్యమంత్రులుంటారు, కంపెనీలుంటాయి, భూముల ధరలుంటాయి. ఆ మేడల్లో కొన్నేళ్లకే పాతబడే కంప్యూటర్లు ఎటు పోయాయి, వాటిని ఎవరు విప్పారు అన్న ముచ్చట మాత్రం ఉండదు. మేము చర్చకు పెట్టదలుచుకున్నది ఆ ముచ్చటనే.

ముందుగా పని సంగతి. ఆఫీసు వదిలించుకున్న సామాను తూకం లెక్కనో, లాటు లెక్కనో తుక్కు గోదాముకు చేరుతుంది. పనిచేసే ర్యామ్, హార్డ్‌డిస్క్, పవర్ సప్లై ముందే పక్కకు తీస్తారు. అవి రిపేరు షాపులకు, సెకండ్‌హ్యాండ్ బజారుకు పోతాయి. మిగిలిందంతా స్క్రూడ్రైవరు, సుత్తి పని. డబ్బా ఇనుము వేరు, హీట్‌సింక్ అల్యూమినియం వేరు, వైర్ల రాగి వేరు. పాత లావు మానిటర్ల రోజుల్లో పిక్చర్ ట్యూబు మెడకున్న రాగి చుట్ట కోసం గాజును పగలగొట్టేవాళ్లు. ఆ గాజులో సీసం ఉంటుంది. ర్యామ్ ముక్క అంచున పచ్చగా మెరిసే పళ్లు బంగారు పూత. బ్యాటరీలు తీసేసిన టన్ను సెల్‌ఫోన్లలో 300 గ్రాముల దాకా బంగారం ఉంటుందని అంచనా. గనిలో టన్ను రాయికి ఐదారు గ్రాములు వస్తే మంచి గని అంటారు!

ఆ బంగారం విప్పినవాళ్ల చేతికి రాదు. వాళ్లకు దక్కేది కిలో లెక్కన బోర్డుల ధర, లేదా దినకూలి. దేశంలో బోర్డుల బేరానికి పేరుపడ్డ చోట్లు ఢిల్లీ సీలంపూర్, మొరాదాబాద్. అక్కడ బోర్డును కాల్చి, యాసిడ్‌లో ముంచి లోహం తీస్తారు. పొగ పీల్చేది, యాసిడ్ మరకలు చేతులకు అంటేది ఒకరికి. లోహం చేరేది ఇంకొకరికి. మన నగరంలోనే చర్లపల్లిలో ఉన్న సి-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ బోర్డుల నుండి లోహాలు తీసే పద్ధతిని తయారుచేసింది. దాన్ని విజ్ఞానం అంటారు, గోదాములో చేసినదాన్ని కబాడీ పని అంటారు.

ఈ తేడా మాకు కొత్తది కాదు. నిజాం కాలపు తెలంగాణ ఊళ్లలో పశువు చస్తే మోసుకుపోయే పని మాదిగలది. దాన్ని కోసి, చర్మాన్ని సున్నంలో వేసి వెంట్రుకలు రాల్చి, లందలో తంగేడు చెక్కతో నానబెట్టి తోలు చేసేది వాళ్లే. ఆ తోలుతో చెప్పులు, మోట బొక్కెనలు కుట్టి పటేలుకు, దొరకు వెట్టికింద ఇవ్వాలె. ఎంత సున్నం పడాలె, ఎన్నాళ్లు నానాలె, ఎప్పుడు తియ్యాలె - ఇది రసాయనశాస్త్రం కాకపోతే ఏమిటి? కంచ ఐలయ్య 2009లో వచ్చిన 'పోస్ట్-హిందూ ఇండియా'లో మాదిగలను సబాల్టర్న్ సైంటిస్టులన్నది అందుకే. ఊరు మాత్రం దానికి అంటు అని పేరు పెట్టింది. తోలుకు మార్కెట్టు పెరిగి, ఫ్యాక్టరీ పద్ధతులు వచ్చాక లందలు ఎండిపోయినయి. వ్యాపారం షావుకార్లది అయింది, మాదిగ కూలీగా మిగిలిండు.

తోలును తుక్కును పక్కపక్కన పెట్టడం మా ఊహ కాదు. ముషీరాబాద్ పక్కన భోలక్‌పూర్ పోయి చూడవచ్చు. తోలు కార్ఖానాలకు పేరుపడ్డ బస్తీ, తుక్కు గోదాములకూ అదే బస్తీ. 2009 మేలో అక్కడ కలుషిత నీళ్లు తాగి పలువురు చనిపోయారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. హైదరాబాద్ తుక్కు పనిలో పేద ముస్లింలు పెద్ద సంఖ్యలో ఉన్నారు, దీన్ని ఒక్క కులానికి అతికించి రాస్తే పొరపాటు. కాని పనిని మైలగా చూసే చూపు కులం నుండే వచ్చింది. కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన అని అంబేడ్కర్ 1936లోనే తేల్చిండు. ఒకే యంత్రం ముందు కూర్చున్నవాడు ఉద్యోగి, దాని పేగులు తెలిసినవాడు చెత్తోడు!

ఇక చట్టం. ఈ-వ్యర్థాల నిబంధనలు మొదట 2011లో వచ్చి 2012 మే 1 నుండి అమలయ్యాయి. 2016లో మారాయి. 2022లో మళ్లీ మారి 2023 ఏప్రిల్ 1 నుండి అమలవుతున్నాయి. 2016 నిబంధనల్లో విప్పేవానికి డిస్మాంట్లర్ అని ఒక పేరుండేది (అది కూడా అనుమతి తెచ్చుకోగల స్తోమతున్నవానికే). 2022 నిబంధనల కింద నమోదయ్యేది నాలుగు రకాలే: మాన్యుఫ్యాక్చరర్, ప్రొడ్యూసర్, రిఫర్బిషర్, రీసైక్లర్. విప్పేవాడు ఆ జాబితాలోంచి జారిపోయిండు. గోదాములో ఆ పని మాత్రం ఆగలేదు.

ఐతే అవే నిబంధనల్లో ఇంకొక భాగం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చదవరు. విప్పే పనిలో, రీసైక్లింగ్‌లో ఉన్న కార్మికులను రాష్ట్ర కార్మిక శాఖ గుర్తించి నమోదు చెయ్యాలె. వాళ్లు బృందాలుగా ఏర్పడేందుకు తోడ్పడాలె, పనిలో శిక్షణ ఇప్పించాలె, వాళ్ల ఆరోగ్యం, భద్రత ఏటా చూడాలె. పారిశ్రామికవాడల్లో ఈ పనికి జాగా కేటాయించాలె. కార్యకర్తలు, విద్యార్థులు 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి అడగవలసినవి రెండు ఉన్నాయి: రంగారెడ్డి, హైదరాబాద్ జిల్లాల్లో ఇప్పటిదాకా ఎంతమంది పేర్లు నమోదైనయి, ఎన్ని గజాల జాగా ఇచ్చిన్రు.