ఖాళీ లాగుతుందా, తోస్తుందా? ఆకారాన్ని అడగాలి



బాలాపూర్ అంటే అందరికీ లడ్డూ వేలమే యాదికొస్తది. ఈ చరిత్రలో మనకూ లడ్డూ పనికొస్తది, ఆగండి.

1948లో హాలండ్‌లో, ఫిలిప్స్ కంపెనీ ల్యాబ్‌లో హెండ్రిక్ కాసిమిర్ ఒక లెక్క చేశాడు. గాలి కూడా లేని ఖాళీలో రెండు లోహపు పలకల్ని చాలా దగ్గరగా ఎదురెదురు పెడితే, చార్జ్ ఏమీ లేకున్నా అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. క్వాంటం సిద్ధాంతం ప్రకారం ఖాళీలో కూడా విద్యుదయస్కాంత క్షేత్రం సన్నగా అల్లాడుతూనే ఉంటది. పలకల మధ్య కొన్ని అలలకే చోటు, బయట అన్నిటికీ చోటు. ఆ తేడానే బలం. దూరం సగమైతే బలం 16 రెట్లు. ("ఖాళీ భూమి" అని రికార్డులో రాసిన చోట ఏమేముంటాయో తండా, గూడెం పిల్లలకు వేరే చెప్పాలా!)

చాలాసార్లు కథ ఇక్కడే ఆపేస్తారు. అసలు కథ ఆకారంది.

బోలు గోళం కూడా ఇట్లనే లోపలికి కుంచించుకుంటదని, ఎలక్ట్రాన్‌ను పట్టి ఉంచేది అదేనేమోనని 1953లో కాసిమిర్ ఆశపడ్డాడు. 1968లో తిమోతీ బోయర్ లెక్క కడితే తిరగబడింది. గోళపు గోడను బలం బయటికి తోస్తది!

కొలవడం ఇంకో తిప్పలు. రెండు పలకల్ని అంత దగ్గర్లో సమాంతరంగా నిలపడం చాలా కష్టం. లడ్డూను పళ్లెంలో ఎట్ల పెట్టినా తాకేది ఒక్క చోటే కదా. అందుకే 1997లో సియాటిల్‌లో స్టీవ్ లామొరో పలకకు ఎదురుగా గుండ్రటి అద్దం పెట్టి, సుమారు 5 శాతం తేడాతో కొలిచాడు. వంపుకు లెక్క ఎట్లంటే, 1934లోనే డెర్యాగిన్ చెప్పిన ఉపాయం ఉంది: వంపును చిన్న చిన్న చదును ముక్కలుగా చేసి కూడడం. సాఫీ వంపుకు అది సరిపోతది.

గాని 1999లో కాలిఫోర్నియాలో అనుశ్రీ రాయ్, ఉమర్ మొహిదీన్ మన షెడ్ల మీది రేకు లెక్క అలలున్న పలక మీద కొలిస్తే, అప్పటి సులువు లెక్కతో పొసగలేదు. 2008లో ఫ్లోరిడాలో హో బున్ చాన్ బృందం సిలికాన్ మీద సన్నటి లోతైన గాడులు తీసింది. పైభాగం దాదాపు సగం పోయింది, బలమూ సగమే రావాలి. అంతకన్నా ఎక్కువొచ్చింది. ఒక ముక్క దగ్గరి అలలు పక్క ముక్కను బట్టి కూడా మారతాయి, కాబట్టి విడివిడిగా కూడితే మొత్తం రాదు.

గోడల దగ్గర ఈ అల్లాట ఎట్ల మారుతుందో 1975లో వరుసగా వ్యాసాలు రాసిన జి.ఎస్. అగర్వాల్ తర్వాత మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనే ఏళ్లపాటు పనిచేశారు.

ఫోన్ తిప్పితే స్క్రీన్ తిరిగేది సిలికాన్‌తో చేసిన సన్నటి కదిలే భాగాల వల్ల. వాటిని ఇంకా చిన్నగా చేసేకొద్దీ అతుక్కుపోయే భయం. గాడి ఎట్ల తీస్తే ఎంత లాగుతుందో తెలియాలంటే ఈ కొలతలే దిక్కు. ఆ 16 రెట్లు ఎందుకో మా హాస్టల్‌లో ముగ్గురం చేత్తో లెక్క కడుతున్నాం. రాగానే నోట్స్ ఇక్కడే పెడతాం.