విన్నపమునకు రెండు త్రోవలు

ఇతరుల నొక కోరిక కోరుటకు లోకమున రెండు త్రోవలు గలవు. నాకిది కావలయునని సూటిగ జెప్పుట మొదటిది. చెప్పియు జెప్పనట్లు మాటలాడి, ఎదుటివారే గ్రహింతురని వేచియుండుట రెండవది. చల్లకు వచ్చి ముంత దాచినట్లని మనవారు రెండవ త్రోవను బరిహసించిరి. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మొదటి త్రోవను బోధించిరి. అయినను ముంత దాచినవారిని జూచి నవ్వుటకు ముందు, వారేల దాచిరో విచారించుట న్యాయము. పొరుగువాని బండి కావలసినవాడు “రేపు మీ బండికి పనియున్నదా?” యని యడుగును. లేదనుటకు పొరుగువానికి వీలుంచుటయే యందలి మర్యాద. భయముచే దాచుట వేరు. పైకి రెండును నొక్కతీరుగనే యుండును గాని వాని ఫలములు వేరు. ఈ భేదమును దెలిసికొనుటకు మన దేశచరిత్రము మిక్కిలి యుపకరించును.

ప్రభువుల నడుగుటకు మన భాషలో నిలిచిన మాటలనే చూడుడు. విన్నపమను మాట విజ్ఞాపనమునుండి పుట్టినది. తెలియజేయుట యని దాని యర్థము. మహమ్మదీయ ప్రభుత్వముల కాలమున మన కచ్చేరీలలో బ్రవేశించిన అర్జీ, మహజరు అను మాటలు అరబ్బీ మూలము గలవి. వానికిని సంగతిని ఎదుట నుంచుట యనునదియే మొదటి భావము. వీనిలో నేదియు బిచ్చమెత్తుట యను నర్థమున బుట్టలేదు. కాలక్రమమున వీని చుట్టును స్తోత్రములు పెరిగి, అసలు సంగతి చిక్కిపోయెను.

గోలకొండ తానాషా (1672–1687) కాలమున భద్రాచల ప్రాంతపు తహసీలుదారైన కంచెర్ల గోపన్న, సర్కారు సొమ్మును దేవాలయమునకు వెచ్చించెనని చెరబడెను. ఆ రామదాసు పేర వెలసిన కీర్తనలలో రెండు త్రోవలును గానవచ్చును. ఒకచోట రాముని నేరుగ నడుగక, సీతమ్మచే చెప్పింప వేడుకొనును. మరియొకచోట నగల ఖర్చులు లెక్కించి స్వామినే నిలదీయును. తండ్రి నడుగవలసినది తల్లిచే నడిగించు బిడ్డలున్న యిండ్లలో మొదటి త్రోవ యెల్లరెరిగినదే. దేవునియెడ భక్తుడు రెండవ త్రోవ ద్రొక్కినను చెల్లినది. సర్కారుయెడ రైతునకు అట్టి చనువు లేదు.

కుంపిణీవారి యేలుబడిలో చెన్నపట్టణపు రాజధానియందు శిస్తు వసూలునకై క్రింది యుద్యోగులు రైతులను హింసించుచుండిరి. వ్రేళ్లను కిట్టిలో బెట్టి నొక్కుదురు. మెడ వంచి కాళ్లకు గట్టి యెండలో నిలుపుదురు. రైతు అర్జీ వ్రాయించినచో, అది తరచుగ ఎవనిపై వ్రాయబడెనో ఆ తహసీలుదారు కడకే విచారణకై తిరిగి వచ్చుచుండెను. ఇక సూటిగ జెప్పు ధైర్య మెవనికి గలుగును? రైతు లూరకుండిరి. ఫిర్యాదులు లేవు గనుక బాధయు లేదని పై యధికారులలో ననేకులు తలచిరి.

ఈ మౌనమును బోగొట్టుటకు బూనినవారిలో గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠి (1806–1868) ముఖ్యుడు. చెన్నపట్టణపు వర్తకుడైన యీయన 1844లో క్రెసెంటు అను నింగ్లీషు పత్రికను స్థాపించెను. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ అను సభను నెలకొల్పెను. ఆ యేడే ఆ సభవారు ఇంగ్లండులోని పార్లమెంటునకు మహజరు పంపిరి. దాని వైఖరి వినయముతో గూడినది. అందలి విషయము మాత్రము కఠినము. పన్నుల భారమును, న్యాయస్థానముల కొరతలను, రైతుల హింసను దాపరికము లేక యందు వ్రాసిరి. 1853లో డాన్బీ సేమర్ అను పార్లమెంటు సభ్యుడు చెన్నరాజధానికి వచ్చి, లక్ష్మీనరసు శ్రేష్ఠితో గ్రామములు తిరిగి, కన్నులార జూచెను. మరుసటి యేడు పార్లమెంటులో నీ సంగతి చర్చకు వచ్చెను. అంతట ప్రభుత్వమువారు 1854లో ఎలియట్, స్టోక్సు, నార్టను అను ముగ్గురతో విచారణ సంఘము నేర్పరచిరి.

ఇచ్చట మనము ముఖ్యముగ గమనింపదగిన దొకటి గలదు. బాధితులు వచ్చి చెప్పుకొనవచ్చునని సంఘమువారు ప్రకటింపగా, కొలది మాసములలో రమారమి 2,000 ఫిర్యాదులు వచ్చెను. నిన్నటివరకు నోరు మెదపని ప్రజలే నేడు దూరదూరమునుండి నడచివచ్చి చెప్పుకొనిరి. వారి బాధ క్రొత్తది కాదు. విను చెవి క్రొత్తది. 1855 నాటి నివేదిక హింస నిజమేయని యొప్పుకొనెను. దొరల దోషమును మాటుపరచి క్రింది నౌకరులపై నెక్కువ భారము మోపినను, జరిగినది కాదనలేకపోయెను. శిస్తు నౌకరులకే పోలీసు అధికారము నుండుట కీడని తేలుటచే, 1859 నాటి పోలీసు చట్టమున నా రెండును వేరుచేయబడెను. మహజరులో గోరినవన్నియు దొరకలేదు. దొరకినది మాత్రము సూటిగ నడుగుటవలన దొరకినది.

దీనినిబట్టి మర్యాదకును సూటిదనమునకును విరోధము లేదని తేలుచున్నది. మాట మెత్తగ నుండవచ్చును, సంగతి మరుగుపడరాదు. అంతకంటె ముఖ్యమైన పాఠము అడుగువారికి గాక, అడిగించుకొనువారికి జెందినది. మన యిండ్లలో కోడలు నోరు విప్పి యేమియు గోరలేదనియు, పనివాడు జీతము పెంచుమని యడుగలేదనియు జెప్పి సంతుష్టి నొందు పెద్దలు, ఆనాటి కలెక్టరులవలెనే మౌనమును సుఖమని పొరబడుచున్నారు. చదువుకొనగోరు బాలిక తన కోరికను అన్నచే తల్లికి, తల్లిచే తండ్రికి జెప్పించి, ఆ మాట గమ్యము చేరునంతలో చదువు వయస్సు దాటిపోయిన యిండ్లెన్ని లేవు? ఆ బాలికకు ధైర్యము నేర్పుట మంచిదే. కాని యడిగినందుకు దండన లేదని ముందుగ దెలుపవలసినది తండ్రి. ముంత దాచుట తప్పని బోధించుటకు ముందు, ముంత చాపినవారిని మన గుమ్మమున నెట్లు చూచుచున్నామో మనము పరీక్షించుకొందము.