నేలపైని నీరు, నేలలోని నీరు

చరిత్రమనగా రాజుల జైత్రయాత్రలును పట్టాభిషేకములును మాత్రమే యను తలంపు మనలో నింకను పూర్తిగా తొలగలేదు. ఒక గ్రామపు చెరువుకట్టను ఎవరు నిలిపిరి, దాని నీటిపై ఎవరికి హక్కుండెను, ఆ హక్కు ఏ శాసనముచేత ఎవరి చేతికి మారెను అని విచారించుటయు చరిత్రమే. పైగా ఇది మన యింటి బిందెకు మిక్కిలి దగ్గరగా నుండు చరిత్రము. రాజుల పేరులు మరచినను మన సంసారములు సాగును. నీటి చరిత్రమును మరచినచో బిందె యెండును. కావున కలికిరి సీమను దృష్టాంతముగా గైకొని, నూటయరువది యేండ్లకు పైగా నీటిని, అడవిని గూర్చి పుట్టిన చట్టములు గ్రామమునకు ఏమి చేసినవో సంగ్రహముగా విన్నవింప నెంచితిమి.

కలికిరి చిరకాలము వాయల్పాడు తాలూకాలోని గ్రామము. 1800లో నిజాము కంపెనీవారికి విడిచిన దత్తమండలములలో ఈ సీమయు చేరెను. తరువాత కడప జిల్లాలో నుండి, 1911 ఏప్రిలు 1వ తేదీన చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు రెండును కడపను విడిచి అందు కలిసినవి. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. 2022లో కలికిరి అన్నమయ్య జిల్లాలో చేరెను. దక్షిణమున పుంగనూరు ఒక జమీందారీ. కుప్పము కంగుంది జమీందారీలోనిది. పేరులును ఎల్లలును ఇన్నిమారులు మారినను ఒక్క సంగతి మారలేదు. ఇది జీవనది లేని మెట్ట. బాహుదా, పించా మొదలగు ఏరులు వానకు పొంగి, వాన వెలియగానే ఇసుక మిగిల్చి, చెయ్యేటిలో కలిసి పెన్నకు పోవును. వానను పట్టి నిలుపుకొన్నవానికే ఇచ్చట పంట.

ఆ పట్టి నిలుపు సాధనమే చెరువు. కొండపై గురిసిన వాన అడవి వేళ్లలో నిదానించి వంకలో దిగును. వంక చెరువును నింపును. చెరువు నిండి మరవ పారినచో ఆ నీరే దిగువ యూరి చెరువునకు పోవును. ఒక యూరివారి మరవ మరియొక యూరివారి యాశ యన్నమాట. ఈ గొలుసును కాపాడుటకు చట్టము పుట్టకమునుపే ఆచారము పుట్టినది. చెరువు కట్టించినవారికి, మరమ్మతు చేయువారికి దశబంధపు టినాములుండెను. ఇనాము ననుభవించువాడు చెరువును బాగుగా నుంచవలెనని కట్టడి. తూము తీసి మడిమడికి నీరు పంచుటకు నీరుగంటి యుండెను. ఏటేట పూడిక తీయుట, కట్టపై కంప కొట్టుట, కాలువలు బాగుచేయుట గ్రామస్థుల పని. దీనినే కుడిమరామత్తు అనిరి. ఈ ఏర్పాటు నిర్దుష్టమైనదని మేము చెప్పము. పొలము కొందరిదిగను పారపని మరికొందరిదిగను ఉండెను. అయినను, చెరువు ఊరిది, దానిని బాగుచేయుటయు ఊరిదే యను భావము అందులో నుండెను.

కంపెనీ పరిపాలనలో ఈ యాచారము సన్నగిల్లెను. చెరువు సర్కారుదనియు మరమ్మతు రైతుదనియు చెప్పినప్పుడు ఎవరును ముందునకు రాకపోవుట సహజము. అంతట 1858లో చెన్నపట్టణ రాజధానికై నిర్బంధశ్రమ చట్టము పుట్టినది. అది ఆ సంవత్సరపు మొదటి చట్టము. చెరువుకట్ట తెగునను భయము గలిగినప్పుడు ఆ చుట్టుపట్లనుండు శరీరదార్ఢ్యము గల మగవారిని పిలిచి పని చేయించు నధికారము దానివలన గ్రామాధికారికి వచ్చెను. ఆచారముగా చేయవలసిన పనిని చేయనివాడు ఆ పని విలువకు రెండింతలు చెల్లింపవలెను. ఆపత్సమయమున కట్టను కాపాడుట ధర్మమే. కాని పాఠకులొక మాటను గమనింపవలెను: ఆపదలో పిలువదగినవారు ‘శ్రామిక వర్గముల’ వారని ఆ చట్టమే చెప్పుచున్నది. కట్ట తెగినచో నష్టపడునది ఆయకట్టు భూస్వామి. అర్ధరాత్రము వానలో మట్టి మోయవలసినది సెంటు భూమియైన లేని కూలివాడు. కూలి యిచ్చినంతమాత్రమున ఈ యన్యాయము పోదు.

తరువాత 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును దహించిన మహాక్షామము వచ్చెను. దత్తమండలములు దానికి ఎర యైనవి. పిమ్మట 1883లో చెరువుల పునరుద్ధరణ పథకమును ప్రభుత్వము ఆరంభించెను. అయితే దానికి ముందటి యేట, అనగా 1882లో, మన రాజధానికి వర్తించు రెండు చట్టములు పుట్టినవి. వానిని ప్రక్కప్రక్కను పెట్టి చదివినవారరుదు. మా యభిప్రాయములో ఈ సీమ నీటిచరిత్రమంతయు ఆ రెంటి నడుమనే యున్నది.

మొదటిది చెన్నపట్టణ అరణ్య చట్టము. దీనివలన ప్రభుత్వము ఒక ప్రదేశమును రిజర్వు అడవిగా ప్రకటింపవచ్చును. అందు మేపునకు, దారికి, నీటికి హక్కు గలవారు గడువులోపల అధికారియెదుట చెప్పుకొనవలెను. చెప్పుకొనని హక్కు నశించును. చదువు రాని గొల్లవానికి, కట్టెలమోపు తెచ్చు స్త్రీకి ప్రకటన యెక్కడ, గడువెక్కడ? తాతలనాటి నుండి మేకలు మేసిన కొండ ఒక యుదయమున నేరస్థలమైనది. పుల్లరి బాధ పల్నాటిలో 1921-22లో సత్యాగ్రహముగా రగిలి, 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణమును గొన్నది లోకవిదితమే. అడవికి రక్షణ అక్కరలేదని మేమనము. అడవి నరికినచో వంకలో నీరు నిలువదు, చెరువున పూడిక నిండును. కాని రక్షణ పేరిట ఊరివారిని అడవికి పరాయివారిని జేసినప్పుడు, కాచుటకు ఊరిలో నెవరును మిగులరు; కావలివాడొక్కడు ఎన్ని కొండలు కాయగలడు?

ఆ కాలమునందే మదనపల్లెకు సమీపమున నున్న ఏనుగుమల్లమ్మ కొండపై, కడప కలెక్టరుగా నుండిన హార్స్‌లీ దొర వేసవి విడిది కట్టించుకొనెను. కొండకు దొర పేరే నిలిచినది. నాలుగువేల యడుగులకు పైబడిన ఆ కొండ యెక్కి చల్లగాలి ననుభవించుట తప్పు గాదు. నేడు సామాన్య కుటుంబములును పిల్లలతో పోయి సేదదీరుచున్నవి, సంతోషమే. అయితే కొండ విహారస్థలము మాత్రమే గాదు, దిగువ గ్రామముల చెరువులకు పుట్టినిల్లు అని వేడుకకు పోవువారు మరువరాదు. ఇట్లే కుప్పము, పలమనేరు ప్రాంతమునకు 1980ల తరువాత పొరుగు రాష్ట్రముల అడవులనుండి ఏనుగులు రాగా, 1990లో కౌండిన్య వన్యప్రాణి సంరక్షణ కేంద్రము వెలసినది. ఏనుగును కాచుట నాగరక ధర్మమే. కాని ఆ ధర్మమునకు వెల నిచ్చుచున్నవాడు ఒకరాత్రిలో పంట పోగొట్టుకొను చిన్నరైతు. ఆ వెల యందరును పంచుకొన్ననాడే అది ధర్మమగును.

ఇక 1882లోని రెండవ చట్టము. అది ఈజుమెంటుల చట్టము. ఇరుగుపొరుగు భూములలో ఒకరికొకరికుండు దారి, వెలుతురు, నీరు మొదలగు హక్కులను గూర్చినది. అందొక చిన్న యుదాహరణ మున్నది. నిర్ణీతమైన ప్రవాహముగా గాక నేలలో నుండు నీటిని, తన భూమి హద్దులలోపల తీసికొని యిష్టమువచ్చినట్లు వాడుకొనుటకు భూస్వామికి హక్కు గలదని దాని తాత్పర్యము. ఆ దినములలో ఇది యెవరికిని హాని చేయలేదు. కపిల తోలు రైతు ఎద్దుల బలమునకు మించి నీరు తోడలేడు. సాయంకాలమునకు ఎద్దులును అలయును, బావియు ఊరును. చట్టము విధింపని హద్దును ఎద్దులే విధించినవి. విద్యుత్తును బోరును వచ్చినతోడనే ఆ హద్దు తొలగిపోయెను, హక్కు మాత్రము నిలిచియున్నది. నేలకు హద్దురాళ్లున్నవి గాని నేలలోని నీటికి హద్దురాళ్లు లేవు. ఒకని బోరు లోతైనకొలది పొరుగువాని బావి యెండును. పొరుగువాడు అప్పుచేసి మరింత లోతునకు పోవును. ఈ పందెములో గెలుపు ఎవరిదియు గాదు.

ఈ విధముగా నేలపైని యుమ్మడి సొత్తైన అడవి సర్కారునకును, నేలలోని యుమ్మడి సొత్తైన నీరు భూస్వామికిని పోయినవి. నడుమ చెరువు దిక్కులేనిదై నిలిచెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1948 నాటి చట్టముచే జమీందారీలు రద్దయినవి. రద్దునకు ముందే జమీందారులు అడవులు నరికి యమ్ముకొందురను భయముచే 1949లో ప్రైవేటు అడవుల సంరక్షణ చట్టము చేయబడెను. పుంగనూరు, కంగుంది సీమలలో జమీందారుని క్రిందనుండిన చెరువులును అడవులును ప్రభుత్వపరమైనవి. జమీందారుడు పోవుట మేలే. కాని చెరువు మరల ఊరిది కాలేదు, కచేరీది యయ్యెను.

1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ సాగునీటి వ్యవస్థలను రైతులే నిర్వహించుకొను చట్టము నంగీకరించెను. ఆ యేడే రాష్ట్రమునందు పదివేలకు పైగా నీటిసంఘము లేర్పడినవి. చిన్న చెరువులకును సంఘములు వచ్చినవి. నూటయేండ్ల తరువాత చెరువును ఆయకట్టుదారుల చేతికి ఇచ్చిన ఈ చట్టమును మేము హర్షింతుము. అయినను ఓటు ఆయకట్టు భూమి గలవారిది. చెరువులో బట్టలుదుకు చాకలికి, చేపలు పట్టు బెస్తకు, పసులను తోలుకొనివచ్చు పడుచుకు, పేరిట భూమి లేని గృహిణికి తీర్పరితనము లేదు. 1858లో మట్టి మోయుటకు జ్ఞప్తికి వచ్చినవారే 1997లో ఓటు నిచ్చునప్పుడు మరుపునకు వచ్చిరి.

2002లో జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టము వచ్చెను. జనులు దీనిని ‘వాల్టా’ అందురు. బావులను, బోరు యంత్రములను నమోదు చేయవలెననియు, ఊరి తాగునీటి వనరునకు 250 మీటర్లలోపల అనుమతి లేక బావి త్రవ్వరాదనియు, చెట్టు కొట్టుటకు సెలవు పొందవలెననియు ఇది శాసించినది. 1882 నాటి భూస్వామి హక్కునకు గట్టి కళ్లెము వేయబూనిన శాసన మిది. కాని రెండేండ్లకే, 2004లో, వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు లభించెను. అది అప్పులలోనున్న రైతునకు ఊరటయే. అయినను తోడుటకు ఖర్చు లేనప్పుడు, ఆగుమను కాగితము ఎంతవరకు ఆపగలదు? టమాటా ధర కలిసివచ్చిన యేడు బోరు, ధర పడిన యేడు అప్పు. ఈ లెక్కలో చట్టమును తలచువాడెవడు?

హంద్రీ-నీవా కాలువ వచ్చినదిగదా, ఇక చెరువు చింత యేల యని కొందరందురు. శ్రీశైలమునుండి కృష్ణాజలము ఈ మెట్టల కెక్కి, 2025లో కుప్పము వరకు వచ్చుట నిజముగా గొప్ప సంగతి. కాని ఆ నీరును నిలుచుటకు చెరువే కావలెను. పూడిన చెరువునకు కృష్ణ వచ్చినను ఒక్కటే, వాన వచ్చినను ఒక్కటే.

మార్గము లేదని నిరాశపడ నక్కరలేదు. ఈ శతాబ్దపు మొదటి దశాబ్దిలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, చిత్తూరు, కడపలతో కూడి ఏడు జిల్లాలలో రైతులు తామే వానను, బావుల నీటిమట్టమును కొలిచి, వ్రాసికొని, ఉన్న నీటికి తగిన పైరేదో సభ చేసి యోచించుకొనిరి. పండితులు కారు, అధికారులు కారు, పల్లెల స్త్రీపురుషులు. మదనపల్లె సమీపమున ఋషివ్యాలీలో బోడిగా నుండిన లోయను చెట్లు నాటి, వాననీటిని ఇంకించి పచ్చన చేయగా, 1991లో అది పక్షుల సంరక్షణ స్థలముగా ప్రకటింపబడెను. శాసనము చేయలేని పనిని శ్రద్ధ చేసినది.

మేము కోరునది ఇంతే. నీటిసంఘములో భూమి లేనివారికిని స్త్రీలకును ఓటుండవలెను. ఊరి బోరులెన్ని, వాని నీరెంత యను లెక్క గ్రామసభలో అందరియెదుట చదువబడవలెను. తన నేలలోని నీరు తనదేయను 1882 నాటి తలంపును మనము మన యిండ్లలోనే మొదట విడువవలెను. కొత్త బోరు వేయు దినమున పొరుగువాని బావి నడుగుట మర్యాద కావలెను. ఈ మాట చెప్పదగినవారు గృహిణులే. పురుషుడు నీటిని ఎకరములలో లెక్కించును. బిందెలలో లెక్కించు నామెకు దాని వెల తెలియును. ఆమెకు సభలో చోటీయక ఎన్ని చట్టములు చేసినను, అవి కచేరీ బీరువాలో నిండుగా నుండును, చెరువు మాత్రము వట్టిపోయి యుండును.