ఆళ్ళగడ్డ చరిత్రలో శోభ

నాయకుల భార్యల గురించి మన చరిత్రలకి రెండే వాక్యాలు అలవాటు: ఫలానా వారి కూతురు, ఫలానా వారి భార్య. శోభా నాగిరెడ్డి దగ్గరా చాలామంది అక్కడే ఆగిపోతారు. మాజీ మంత్రి ఎస్.వి. సుబ్బారెడ్డి కూతురు, భూమా నాగిరెడ్డి భార్య. రెండూ నిజమే. ఈ రెండు నిజాల మధ్య ఆమె ఎటుపోయిందన్నదే నా ప్రశ్న.

ఇక్కడ నాకు మేరీ ఆన్ డిజ్రేలీ గుర్తొస్తుంది. 1868లో ప్రధాని పదవి దిగిపోతూ బెంజమిన్ డిజ్రేలీ తనకి రావలసిన ప్రభు బిరుదుని భార్యకిమ్మని విక్టోరియా రాణిని కోరాడు. తను తీసుకుంటే కామన్స్ సభ వదిలి ప్రభువుల సభకి వెళ్ళాలి. అలా మేరీ ఆన్ వైకౌంటెస్ అయింది. ఆ సభలో కూర్చునే హక్కు మాత్రం ఆమెకి లేదు. ఓటు కూడా లేదు.

మన సీమలోనూ భర్త ప్రయాణాన్ని బట్టే భార్యకి స్థానం దొరికింది. అన్న శేఖర్‌రెడ్డి మరణించాక 1992 ఉపఎన్నికలో ఆళ్ళగడ్డ ఎమ్మెల్యే అయిన నాగిరెడ్డి, పి.వి. నరసింహారావు వదులుకున్న నంద్యాల లోక్‌సభ స్థానాన్ని 1996లో గెలిచాడు. ఖాళీ అయిన ఆళ్ళగడ్డ 1997లో శోభకి వచ్చింది. భర్త పెద్ద సభకి వెళ్తే చిన్న సభ భార్యది!

అయితే శోభకి ఓటుంది, సభలో మాట్లాడే హక్కుంది. 1999లో మళ్ళీ గెలిచింది. 2009లో భర్త నంద్యాలలో ఓడిపోతే ఆమె ఆళ్ళగడ్డలో గెలిచింది. 2012 ఉపఎన్నికలోనూ గెలిచింది. ఆ అయిదేళ్ళూ ఆ దంపతుల్లో శాసనసభలో ఉన్నది ఆమే. అయినా పేరులో భర్త పేరు మోస్తూనే ఉంది.

2014 ఏప్రిల్ 23 రాత్రి నంద్యాలలో ప్రచారం ముగించుకుని ఆళ్ళగడ్డకి తిరిగొస్తుంటే కారు ప్రమాదం. మర్నాడు హైదరాబాద్‌లో కన్నుమూసింది. ఆమె పార్టీకి అప్పటికింకా గుర్తింపు లేకపోవడంతో పోలింగ్ వాయిదా పడలేదు. మే 7న జనం, ఆమె లేదని తెలిసే, ఆమె పేరుకి ఓటేసి గెలిపించారు. ఆ స్థానం భర్తకో కొడుక్కో కాక కూతురు అఖిలప్రియకి వెళ్ళింది. తల్లి నుంచి కూతురికి వారసత్వం మన రాజకీయాల్లో ఎన్నిసార్లు చూశాం?

కొన్ని కుటుంబాల మధ్యే తిరిగే అధికారం ఆడవాళ్ళ చేతికొచ్చినంత మాత్రాన అది స్త్రీవాదమైపోదు. నేనామెకి హారతి పట్టడం లేదు. కానీ "భర్త ఇచ్చిన సీటు" అని కొట్టిపారేసేవాళ్ళు, నాగిరెడ్డికి ఆ సీటు అన్న నుంచి వచ్చిందన్న సంగతి ఎందుకు ఎత్తరు? మగవాడికొస్తే వారసత్వం, ఆడదానికొస్తే దయాధర్మమా? శాసనసభ చర్చల ప్రతుల్లో ఆమె మాటలున్నాయి. కూతురు, భార్య అన్న మాటలు కాసేపు పక్కనపెట్టి ఎవరైనా వాటిని చదివితే బాగుండును.