ఇంటిపేరు లెక్క, జన్యువుల లెక్క

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో సంబంధం మాట్లాడేటప్పుడు ముందు అడిగేది ఇంటిపేరు. అది ఒకటైతే వరసకు అన్నాచెల్లెళ్లు, మాట అక్కడితో ఆగిపోతుంది. మేనమామ బిడ్డ, మేనత్త కొడుకు మాత్రం పుట్టినప్పటి నుంచే వరసైనవాళ్లు. ఆదిలాబాద్ రాజ్‌గోండులను 1940లలో అధ్యయనం చేసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ కూడా ఇలాంటి కట్టుబాటే రాశాడు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల ‘సగలు’ అనే వంశ కూటముల్లో ఒకే సగలో పెండ్లి నిషిద్ధం, మేనరికం సమ్మతం. బొగ్గుబాయి కొలువుల కోసం శ్రీరాంపూర్‌కు తరలివచ్చినవాళ్లు ఊరు విడిచినా వరసలు విడవలేదు. భూమి చీలకుండా, బిడ్డ తెలిసిన ఇంట్లోనే పడేలా పెద్దలు చేసుకున్న ఏర్పాటిది. దీన్ని మూర్ఖత్వమని కొట్టిపారేయడం అన్యాయం.

అయితే ఈ కట్టుబాటు రక్తసంబంధాన్ని ఒక వైపు నుంచే లెక్కిస్తుంది. చిన్నాయన బిడ్డతో ఎంత పంచుకుంటామో మేనమామ బిడ్డతోనూ అంతే, జన్యువుల్లో ఎనిమిదో వంతు. అక్క బిడ్డతో అయితే నాలుగో వంతు. ఇంటిపేరు వేరైనంత మాత్రాన ఈ వాటా తగ్గదు. ఈ వాటా ఎందుకు ముఖ్యమో థైరాయిడ్ గ్రంథిని చూస్తే తెలుస్తుంది. తల్లి గర్భంలో నాలుగో వారానికే శిశువు నాలుక మొదట్లో థైరాయిడ్ కణాలు మొలకెత్తి మెడలోకి దిగుతాయి. వాటికి రూపమిచ్చే జన్యువుల్లో ఎన్‌కేఎక్స్ 2-1 ఒకటి. ముందు మెదడులోని కొన్ని నాడీకణాలను తీర్చిదిద్దేదీ అదే. గ్రంథి చక్కగా ఏర్పడినా, అయోడిన్‌ను హార్మోన్‌గా మలిచే ఎంజైమ్ తాలూకు టీపీఓ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిపోయే వస్తే హార్మోన్ సరిగా తయారవదు. హార్మోన్ లేక నాడీకణాల అల్లిక కుంటుపడుతుంది. ఒకే తాత నుంచి దిగిన లోపం రెండు వైపుల నుంచీ వచ్చి కలిసే దారి మేనరికంలో దగ్గరవుతుంది.

తాతముత్తాతలు చేసుకోలేదా, వాళ్ల పిల్లలకేమైంది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. తరతరాల మేనరికంతో చెడు జన్యువులు ఏరిపోయి ఉంటాయని వాదించిన శాస్త్రవేత్తలూ ఉన్నారు. జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ శిష్యుడు, పిఠాపురం వాడైన ద్రోణంరాజు కృష్ణారావు, మీరా ఖాన్‌తో కలిసి 1963లోనే ఆంధ్రప్రదేశ్ మేనరికాలపై పరిశోధన ప్రచురించాడు. అంటే ఈ చర్చ మన గడ్డ మీద కొత్తదేమీ కాదు. మేనరికంలో పుట్టిన పిల్లల్లో అత్యధికులు ఆరోగ్యవంతులే, అదనపు ముప్పు నూటికి రెండు మూడే. కానీ పూర్వం పసిపిల్లలు ఎందుకు పోయారో, ఎందుకు మందబుద్ధులయ్యారో రాసిపెట్టినవాళ్లు లేరు. ఆ నష్టం దైవం ఖాతాలో పడింది. లెక్క లేనంత మాత్రాన నష్టం లేదనలేం. 2004లో వెలువడిన హైదరాబాద్ అధ్యయనం 18,300 మంది నవజాత శిశువులను పరీక్షిస్తే దాదాపు 1,700 మందిలో ఒకరికి పుట్టు థైరాయిడ్ లోపం కనిపించింది. ఇతర దేశాల్లో సాధారణంగా రెండు నుంచి నాలుగు వేలకు ఒకరు.

ఈ తేడా అంతా మేనరికం వల్లే అనడం నాకు సమ్మతం కాదు. గ్రంథి అసలు ఏర్పడకపోవడమో, తప్పు చోట నిలిచిపోవడమో జరిగితే అది చాలావరకు వంశపారంపర్యం కాదు. పైగా 2009లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన కేంద్రం, హార్వర్డ్ శాస్త్రవేత్తలు చూపినట్టు, కులం లోపలే వందల ఏళ్లుగా పెండ్లిళ్లు జరగడంతో చాలా సమూహాలు కొద్దిమంది పూర్వీకుల సంతతిగా మిగిలాయి. మేనమరదలిని కాదని అదే కులంలో పక్క ఊరి పిల్లను తెచ్చుకున్నా ఆ పాత సంబంధం తెగదు. అందుకే పెండ్లి వరసలను తిట్టడం కన్నా, పుట్టిన రెండు మూడు రోజులకు మడమ నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించడం ముందు జరగాలి. తల్లి హార్మోన్ అండతో బిడ్డ పుట్టినప్పుడు మామూలుగానే కనిపిస్తుంది, చూపుకు ఏదీ దొరకదు. రెండు వారాల లోపే థైరాక్సిన్ మొదలుపెడితే చాలామంది పిల్లలు తోటివాళ్లతో సమానంగా ఎదుగుతారు.