వెర్జీనా సూర్యుడు ఎవరివాడు?

ఎర్రటి గుడ్డ మీద పదహారు కిరణాల పసుపు సూర్యుడు. యుగోస్లావియా నుంచి విడివడిన మాసిడోనియా 1992 ఆగస్టులో ఎగరేసిన జెండా ఇది. పొరుగునున్న గ్రీసు భగ్గుమంది. ఆ సూర్యుడు మా రాజులవాడు, మీకేం హక్కుందని నిలదీసింది. మూడేళ్లు దాటిన కొద్దికాలానికే ఆ జెండా దిగిపోయింది. ఇంత పోరుకు కారణమైన ఆ బంగారు సూర్యుడు 1977 దాకా మట్టి కిందే ఉన్నాడు.

ఉత్తర గ్రీసులో థెస్సలొనీకీకి నైరుతి దిక్కున వెర్జీనా అనే పల్లె ఉంది. ఊరి పక్కనే 110 మీటర్ల వ్యాసం, 12 మీటర్ల ఎత్తున్న మట్టిదిబ్బ. పురావస్తు పరిశోధకుడు మనోలిస్ ఆండ్రోనికోస్ ఆ ప్రాంతాన్ని ఏళ్ల తరబడి తవ్వాడు. 1977 నవంబరులో దొంగల చెయ్యి పడని సమాధి బయటపడింది. పాలరాతి తొట్టెలో బంగారు పెట్టె, అందులో దహనం చేసిన అస్థికలు, ఓక్ ఆకుల బంగారు కిరీటం. పెట్టె మూత మీద పదహారు కిరణాలతో సూర్యుడు. ముందు గదిలో ఊదారంగు, బంగారు పోగుల బట్టలో చుట్టిన ఒక స్త్రీ అస్థికలతో మరో చిన్న పెట్టె దొరికింది. దాని మూత మీది సూర్యుడికి పన్నెండు కిరణాలే.

సమాధి ప్రాచీన మాసిడోనియా రాజు, అలెగ్జాండరు తండ్రి రెండో ఫిలిప్‌దని ఆండ్రోనికోస్ తేల్చాడు. కాదు, అలెగ్జాండరు సవతి అన్న మూడో ఫిలిప్‌దని మరికొందరు పండితులు. ఆ వాదన నేటికీ తెగలేదు. కానీ శవం ఎవరిదో తేలేలోగానే మూత మీది బొమ్మ రాజవంశపు చిహ్నమైపోయింది. అలాంటి కిరణాల చుక్కలు ప్రాచీన గ్రీకు కుండల మీద, డాళ్ల మీద, నాణేల మీద చాలానే కనిపిస్తాయి. వాటికి అర్థం ఇదీ అని ఆనాటివాళ్లెవరూ రాసిపెట్టి పోలేదు. అర్థం పెట్టింది మన కాలంవాళ్లే అని నా నమ్మకం.

ఆ పల్లె సంగతే చూడండి. 1922 తర్వాత టర్కీ నుంచీ మరికొన్ని చోట్ల నుంచీ కట్టుబట్టలతో తరలివచ్చిన గ్రీకు కాందిశీకులను అక్కడ కుదురుకోబెట్టారు. వెర్జీనా అన్న పేరు కూడా అప్పుడు పెట్టిందే. స్థానిక గాథల్లోని ఒక రాణి పేరు. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్ల పెరట్లో ప్రాచీన రాజు బయటపడ్డాడు. ఈ నేల మనదేనన్న భరోసా ఆ బంగారు పెట్టె వాళ్లకు ఎంతగా ఇచ్చి ఉంటుందో ఊహించవచ్చు. ఆ ఉత్తర ప్రాంతం గ్రీసు చేతికి వచ్చిందే 1912-13 బాల్కన్ యుద్ధాలతో. 1990లో గ్రీసు కొత్త వంద ద్రాక్మాల నాణెం తెచ్చింది. ఒకవైపు అలెగ్జాండరు, మరోవైపు ఈ సూర్యుడు. నీలి గుడ్డ మీద అదే బంగారు సూర్యుడితో గ్రీసులోని మాసిడోనియా ప్రాంతానికి అనధికార జెండా కూడా పుట్టింది.

సరిహద్దుకు అవతల, రాజధాని స్కోప్యెలో కొత్త దేశం కట్టుకుంటున్నవాళ్ల ఆరాటమూ అలాంటిదే. వాళ్లలో ఎక్కువమంది మాట్లాడేది స్లావ్ కుటుంబపు భాష. ఆ భాష బాల్కన్ గడ్డ మీదికి వచ్చింది క్రీస్తుశకం ఆరు, ఏడు శతాబ్దాల్లో, అలెగ్జాండరు తర్వాత దాదాపు వెయ్యేళ్లకు. కానీ తాతల నాటి నుంచీ వాళ్లు తమను తాము పిలుచుకున్న పేరు మాసిడోనియన్లే. ఆ పేరున్న నేల గుర్తును కూడా తమదనుకున్నారు.

1993 ఏప్రిల్‌లో ఐక్యరాజ్యసమితి వాళ్లను ‘పూర్వపు యుగోస్లావ్ మాసిడోనియా గణతంత్రం’ అనే తాత్కాలిక పేరుతో చేర్చుకుంది. సమితి ముంగిట ఆ జెండాను మాత్రం ఎగరెయ్యలేదు. 1994 ఫిబ్రవరిలో గ్రీసు ప్రధాని ఆండ్రెయాస్ పపాండ్రేయు ఆహారం, మందులు మినహా సరుకుల రాకపోకలు ఆపించాడు. సముద్రం లేని దేశానికి థెస్సలొనీకీ రేవే దిక్కు. ఏడాదిన్నర దాటి సాగిన ఆ దిగ్బంధం కష్టం మామూలు జనం మీద పడింది. ఒక బొమ్మ కోసం పొరుగువాణ్ణి ఆర్థికంగా ఊపిరాడకుండా చెయ్యడం నా దృష్టిలో పెద్ద తప్పు. 1995 సెప్టెంబరులో న్యూయార్క్‌లో ఒప్పందం కుదిరింది. అక్టోబరు 5న మిరోస్లావ్ గ్ర్చెవ్ గీసిన కొత్త జెండా వచ్చింది: అదే ఎరుపు, అదే పసుపు, సూర్యుడికి అంచుల దాకా పాకే ఎనిమిది కిరణాలు.

పేరు తగాదా మాత్రం 2018 జూన్ 17 దాకా నడిచింది. ఆ రోజు ప్రెస్పా సరస్సు ఒడ్డున ప్సరాదెస్ గ్రామంలో రెండు దేశాలూ సంతకాలు చేశాయి. ‘ఉత్తర మాసిడోనియా’ అన్న పేరు అక్కడ ఖాయమైంది. అందరి కళ్లూ పేరు మీదే నిలిచాయి గానీ, నాకు విలువైనదిగా తోచేది ఏడో అధికరణం. ‘మాసిడోనియా’ అన్న మాట ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క చరిత్రను, వారసత్వాన్ని సూచిస్తుందని ఇద్దరూ అందులో ఒప్పుకున్నారు. అవతలివాడి అర్థాన్ని కొట్టిపారేయకుండా కాగితం మీద పెట్టడం బాల్కన్ రాజకీయాల్లో చిన్న విషయం కాదు. సూర్యుడి దగ్గరికొచ్చేసరికి ఆ ఔదార్యం చాల్లేదు. ఎనిమిదో అధికరణం ప్రకారం ఉత్తర మాసిడోనియా 2019 ఆగస్టు నాటికి బహిరంగ స్థలాల్లోంచి ఆ గుర్తును తీసెయ్యాల్సి వచ్చింది. చరిత్ర పాఠ్యపుస్తకాలను కలిసి పరిశీలించడానికి ఇరుపక్షాల నిపుణులతో ఒక సంఘం కూడా ఏర్పడింది.

ఒప్పందం ప్రభుత్వాలను కట్టడి చేసింది గానీ వలస వెళ్లినవాళ్లను కట్టడి చెయ్యలేదు. ఆస్ట్రేలియా, కెనడాల్లో స్థిరపడిన మాసిడోనియన్లు తమ సభల్లో పదహారు కిరణాల ఎర్ర జెండా పట్టుకుంటారు. అవే దేశాల్లోని గ్రీకులు నీలి జెండా పడతారు.